పొలం ఇంటికి అతిథి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రెండు సంచికల క్రితం ఇదే శీర్షికలో, సేద్యపు రాబడికి తోడుగా పొలం ఇంట్లో అతిథులకు బస ఇచ్చి (దీన్నే ఫార్మ్‌స్టే అంటున్నారు) నాలుగు డబ్బులు సంపాదించుకోవడం గురించి ఒక చిన్న జవాబు రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య మరే విషయం మీదా రాలేదు. వాటిలో నాలుగింటిని ఎంచుకుని ఈసారి స్థలమంతా వాటికే ఇస్తున్నాను. రాసినవారు కోరినందువల్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర ఒక ఊరు. తాతగారి నాటి మండువా లోగిలి, దాని వెనుక నాలుగెకరాల కొబ్బరి తోట, తోటలో అంతరపంటగా కోకో, కొంత అరటి, కంద ఉన్నాయి. నేను హైదరాబాద్‌లో పదేళ్లు ఉద్యోగం చేసి నిరుడు ఇంటికి వచ్చేశాను. దింపు కూలి, వలుపు కూలి పోగా కొబ్బరి మీద మిగిలేది అమ్మానాన్నలకు సరిపోతుంది కానీ, నా భార్యాపిల్లలకు కూడా అదే ఆధారమంటే చాలదు. ఇంట్లో నాలుగు గదులు ఊరికే పడి ఉన్నాయి. ఫార్మ్‌స్టే పెడదామంటే నాన్నగారు "తాతల నాటి లోగిలిని పూటకూళ్ల ఇల్లు చేస్తావా?" అంటున్నారు. తోటలో ఒక మూల 40 చెట్లు తీసేసి ఆరు కాటేజీలు కట్టమనీ, 35 లక్షల అప్పు తానే ఇప్పిస్తాననీ ఒక సలహాదారు చెబుతున్నాడు. అక్కయ్య అమెరికాలో ఉంటుంది. నన్నేం చేయమంటారు?

జవాబు: చెట్లు కొట్టకండి, అప్పు ఇప్పుడే తీసుకోకండి. ఈ రెండూ ముందు చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మీ నాన్నగారి అభ్యంతరంలో సగం నిజముంది. పూటకూళ్లు ఒకప్పుడు మన ఊళ్లలో మర్యాదగల వృత్తే కాబట్టి ఆ మాటను చిన్నతనంగా తీసుకోనక్కర్లేదు. అయితే పూటకూళ్ల ఇంట్లో అతిథి భోజనానికి డబ్బిస్తాడు. మీ ఇంటికి వచ్చేవాడు మీ తోటను చూసి డబ్బిస్తాడు. తోట పక్కకు తప్పుకుని కాటేజీలు ముందుకు వచ్చిన రోజున మీది గదులు అద్దెకిచ్చే వ్యాపారమవుతుంది. అప్పుడు మీరు పోటీ పడవలసింది దిండి రిసార్టులతో, గోదావరి గట్టున ఏసీ గదులు కట్టినవారితో. వాళ్ల పెట్టుబడికి మీ నాలుగెకరాలు తూగవు.

ఈ తేడాను చట్టంగానే రాసుకున్న దేశం ఇటలీ. అక్కడి టస్కనీ ప్రాంతంలో శతాబ్దాల పాటు పంటను భూస్వామికీ సాగుదారుకూ సగం సగం పంచే పాలు (వాటా) పద్ధతి నడిచింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యువకులు పట్నాల ఫ్యాక్టరీలకు వెళ్లిపోవడంతో రాతి గోడల రైతు ఇళ్లకు వేల సంఖ్యలో తాళాలు పడ్డాయి. 1964లో పాలుకు ఇచ్చే కొత్త సాగు ఒప్పందాలను నిషేధించారు. ఖాళీ ఇళ్లను నిలబెట్టుకోవడానికి కొందరు రైతులు బస ఇవ్వడం మొదలుపెట్టారు. 1985లో వచ్చిన జాతీయ చట్టం దానికి 'అగ్రితురిస్మో' అనే పేరుతో గుర్తింపునిచ్చింది. 2006లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. రెండింటికీ మూలసూత్రం ఒక్కటే: బస ఇచ్చేవాడు రైతై ఉండాలి, ఆ బస అతని సేద్యంతో ముడిపడి ఉండాలి, ఆ కమతంలో సేద్యానిదే పైచేయి కావాలి. పైచేయి ఎవరిదో తేల్చేటప్పుడు సాధారణంగా లెక్కలోకి తీసుకునేది పొలానికి, అతిథులకు వెచ్చించే పని కాలాన్ని. ఇవాళ ఆ దేశంలో ఇలాంటి కమతాలు 25 వేలకు పైగా ఉన్నాయి. మన రాష్ట్రాల్లో మిమ్మల్ని అలా కట్టడి చేసే చట్టం లేదు కనుక, ఆ కట్టుబాటును మీ ఇంటి చట్టంగా మీరే పెట్టుకోవాలి. నెలకొకసారి కూర్చుని, ఈ నెలలో తోటలో ఎన్ని రోజులు పనిచేశాను, అతిథుల వెంట ఎన్ని రోజులు తిరిగాను అని లెక్క వేసుకోండి. రెండో అంకె మొదటిదాన్ని వరుసగా మూడు నెలలు దాటితే ఎక్కడో దారి తప్పినట్టే.

ఇంత పట్టుదల దేనికంటారేమో. కర్ణాటకలో కాఫీ తోటల జిల్లా కొడగు సంగతి చూడండి. 2000 ప్రాంతంలో కాఫీ ధరలు పాతాళానికి పడిపోయినప్పుడు అక్కడి తోటల ఇళ్లలో హోమ్‌స్టేలు పుంజుకున్నాయి, ఎన్నో కుటుంబాలకు అవే ఊపిరి పోశాయి. 2018 ఆగస్టులో కొండచరియలు విరిగిపడి జిల్లా అతలాకుతలమైంది, పర్యాటకులు రావడం ఆగిపోయింది. తేరుకునేలోగానే 2020లో కోవిడ్ వచ్చింది. ఆ తర్వాత 2024లో రోబస్టా రకం కాఫీ ధర రికార్డు స్థాయికి ఎగబాకింది. కాఫీ మొక్కలను కాపాడుకుంటూ వచ్చిన ఇంటికి ఆ ధర అందింది. మొక్కలు పీకి గదులు కట్టిన ఇంటికి అందే అవకాశమే లేదు. పంట ధర పడినప్పుడు అతిథి, అతిథి రానప్పుడు పంట ఆదుకోవాలంటే రెండూ బతికి ఉండాలి కదా. కొబ్బరి మాత్రం తక్కువదా? వెయ్యి కాయలు 10 వేల రూపాయల లోపు పలికిన రోజులూ, 20 వేలు దాటిన రోజులూ అంబాజీపేట మార్కెట్లో కొద్ది ఏళ్ల తేడాతోనే మీరు చూసి ఉంటారు. సర్పిలాకార తెల్లదోమ ఆకుల కింద బూడిద చల్లినట్టు కమ్ముకున్న ఏడాది కూడా చూసి ఉంటారు. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించిన గడ్డ మీద ఉన్నవారికి, సేద్యం ఒక్కదాని మీద ఆధారపడితే ఏమవుతుందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అప్పు లెక్క. వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకుంటే 35 లక్షలకు వడ్డీయే 3 లక్షల 50 వేలు, అంటే నెలకు సుమారు 29 వేలు. అతిథి వచ్చినా రాకపోయినా అది ఆగదు. దాని బదులు ఉన్న లోగిలిలోనే రెండు గదులతో మొదలుపెట్టారనుకుందాం. గదికొక స్నానాలగది, మరుగుదొడ్డి, కొత్త వైరింగు, ఇన్వర్టరు, దోమతెరలు: ఇదంతా ఇంట్లో దాచుకున్న డబ్బుతో అయ్యే పని. ఒక్కో గదికి రాత్రికి 2,500 చొప్పున, ఏడాదికి 60 రాత్రులే నిండాయని తక్కువగానే లెక్క వేసుకున్నా రెండు గదుల మీద 3 లక్షలు వస్తాయి. అందులో సగం ఖర్చులకు పోయినా లక్షన్నర మీ చేతిలో ఉంటుంది, మీ మెడ మీద ఎవరి అప్పూ ఉండదు. రెండేళ్లు గడిచాక ఈ పని మీ కుటుంబానికి పడుతుందో పడదో మీకే తెలుస్తుంది. మూడో గది సంగతి అప్పుడు చూడవచ్చు.

మండువాను మాత్రం ముట్టుకోకండి. నడిమి ఖాళీ మీద పాలికార్బనేట్ రేకు వేయించమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. వాన పడినప్పుడు నాలుగు వైపుల చూరుల నుంచి నీరు ధారలు కట్టి నడిమి గుంటలోకి దూకే దృశ్యం కోసమే పట్నం మనిషి అంత దూరం వస్తాడు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారింట్లో ఆ ధారల కింద ఇత్తడి బిందెలు పెట్టడం మా పిల్లల పని. బిందె నిండేకొద్దీ మోత మారేది. ఇప్పటికీ వాన పడితే నా చెవి దానికోసమే వెతుకుతుంది. మీ ఇంట అటక మీద కురిడీ (ఎండు కొబ్బరి) పోస్తుంటే అదీ చూపించండి. నెలల తరబడి అటక మీద ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే, లోపలి కొబ్బరి చిప్ప నుంచి విడివడి లొడలొడమంటుంది. ఆ చప్పుడుతోనే కురిడీ తయారైందని మీ నాన్నగారు చెబుతారు. ఒక పిల్లవాడి చేతిలో పచ్చికాయ, కురిడీ రెండూ పెట్టి ఊపి చూడమంటే ఆ గంట గడవడానికి మీరు వేరే వినోదం వెతకనక్కర్లేదు. దింపు రోజున అతిథులుంటే దూరం నుంచే చూడనివ్వండి. కాయ, మట్ట రాలే చోట మంచం, ఊయల వేయకండి. కొబ్బరి చెట్టు కింద ఊయల కట్టిన ఫొటోలు వేసుకునేవారు ఎప్పుడూ దింపు చూసినవారు కారు. కాలువలో ఈత సంగతి ముందే ఖండితంగా చెప్పండి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు ఊరి అందం సగం తగ్గుతుందని కూడా ఫోన్లోనే చెప్పేయడం మేలు.

సంక్రాంతికి గిరాకీ ఎక్కువ. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని ఎందరో అడుగుతారు. కానీ ఆ మూడు రోజులు మీ ఇల్లు ఎవరిదో ముందు తేల్చుకోండి. అక్కయ్య పిల్లలతో వచ్చినప్పుడు గది లేదనవలసి వస్తే, మీ నాన్నగారి అభ్యంతరం పూర్తిగా నిజమైనట్టు. నాలుగు గదుల్లో ఒకదాన్ని ఎప్పటికీ చుట్టాలకే అట్టిపెట్టండి.

అక్కయ్య మాట వచ్చింది కాబట్టి, మీరు ఉత్తరంలో ఒకే ఒక వాక్యంతో దాటేసిన విషయం దగ్గర కాసేపు ఆగుదాం. పిత్రార్జితపు ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు మగపిల్లవాడితో సమానంగా హక్కునిచ్చే సవరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. (ఇటలీ చట్టం కూడా 1985 నాటిదే కావడం కేవలం యాదృచ్ఛికమే అయినా, ఆ రెండూ కలిసి ఇవాళ మీ ఇంటి గడపలోనే ఎదురుపడ్డాయి.) ఆస్తి మీ తాతగారిదై, విభజన కాకుండా ఉంటే అక్కయ్యకూ అందులో వాటా ఉండే అవకాశం ఎక్కువ. నాన్నగారి స్వార్జితమైతే లెక్క వేరు. పత్రాలు ఒక న్యాయవాదికి చూపించండి. మీరు పెట్టే ఖర్చును రేపు పంపకాల్లో ఎలా లెక్కగడతారో, లోగిలిని మీరు వాడుకుంటున్నందుకు అక్కయ్యకు ఏమిస్తారో ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు చేయండి. మొదటి సిమెంటు బస్తా దింపకముందే ఆ పని జరగాలి. వ్యాపారం బాగా నడిచాక రాసుకుందామనుకున్న కాగితాలు సాధారణంగా కోర్టులోనే తయారవుతాయి.

పత్రాల తతంగం ఇలా ఉంటుంది: పంచాయతీ అనుమతి, పర్యాటక శాఖలో హోమ్‌స్టే నమోదు, భోజనం పెడితే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నమోదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో గదుల పరిమితి ఆరు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారెవరు దిగినా 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారికి తెలియజేయాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారూ ఈ లెక్కలోకే వస్తారు. సేద్యపు ఆదాయానికి ఆదాయపన్ను లేదు కానీ బస మీద వచ్చే ఆదాయానికి ఆ మినహాయింపు వర్తించదు కాబట్టి రెండింటికీ వేర్వేరు ఖాతా పుస్తకాలు, వేర్వేరు బ్యాంకు ఖాతాలు పెట్టుకోండి.

నాన్నగారిని ఒప్పించడానికి ఒక మాట. అతిథులకు తోట చూపించే పని ఆయనకు అప్పగించకండి, ఆయన ప్రదర్శన వస్తువు కారు. ఏయే రోజుల్లో ఇంట్లో పరాయివారు ఉండకూడదో నిర్ణయించే అధికారం మాత్రం పూర్తిగా ఆయనకే ఇవ్వండి. ఏకాదశి అని ఒకసారి, ఆబ్దికమని ఒకసారి, ఊరికే మనసు బాగాలేదని ఒకసారి ఆయన వద్దంటారు. వద్దననివ్వండి. తోట చూపించడం సంగతి ఆరు నెలలు తిరగకముందే ఆయనే మొదలుపెడతారని నా అనుమానం.

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర మామిడి తోట. రెండు వేసవులుగా విజయవాడ, హైదరాబాద్‌ల నుంచి కుటుంబాలు వచ్చి తోటలో ఉండి వెళ్తున్నాయి. అందరూ మా ఆయన్ని తెగ మెచ్చుకుంటున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఇడ్లీ వాయి పెట్టడం దగ్గర నుంచి రాత్రి దుప్పట్లు నానబెట్టడం దాకా నేనూ మా అత్తయ్యగారూ చేస్తున్నాం. డబ్బంతా ఆయన ఫోన్‌కే వస్తుంది. ఈ వేసవి నుంచి ఇంటర్ చదివే మా అమ్మాయిని కూడా వడ్డనకు పిలుస్తున్నారు. ఆపేద్దామంటే, లాభం కళ్లముందు కనిపిస్తుంటే ఆపడమేమిటంటున్నారు. నాది తప్పా?

జవాబు: తప్పు మీది కాదు, లాభం లెక్కలో ఉంది. ఒక కాగితం తీసుకోండి. ఆ వేసవిలో అతిథులున్న రోజులు ఎన్నో వేయండి. మీ ఊళ్లో వంటమనిషిని, ఇల్లు ఊడ్చి బట్టలుతికే మనిషిని పెట్టుకుంటే రోజుకు ఎంత ఇవ్వాలో కనుక్కుని ఆ అంకెతో హెచ్చవేయండి. మీవారు లాభమంటున్న మొత్తంలో నుంచి దాన్ని తీసేయండి. ఇంకా మిగిలితే అది నిజంగా లాభమే. ఏమీ మిగలకపోతే ఇన్నాళ్లూ ఆ ఫార్మ్‌స్టే మీ ఇద్దరి ఉచిత చాకిరీ మీద నడిచిందని తేలుతుంది. ఆ కాగితాన్ని కోపంతో కాకుండా, రాత్రి భోజనాలయ్యాక ప్రశాంతంగా ఆయన ముందు పెట్టండి. అంకెలతో వాదించడం ఆయనకూ సులభమే అవుతుంది.

ఆ తర్వాత చేయవలసింది డబ్బు దారి మార్చడం. భోజనానికి, బసకు విడివిడిగా ధర పెట్టి, భోజనం డబ్బు మీ పేరు మీది ఖాతాకు వచ్చేలా మీ క్యూఆర్ కోడ్‌ను భోజనాల గదిలోనే అతికించండి. జపాన్‌లో ఓయిటా ప్రాంతపు అజిము అనే ఊరు ద్రాక్షతోటలకు పేరు. అక్కడ 1996లో రైతు కుటుంబాలు తమ ఇళ్లలో అతిథులకు బస ఇవ్వడం మొదలుపెట్టాయి, ఆ పనిని ముందుండి నడిపినవారిలో రైతు ఇళ్ల ఆడవాళ్లే ఎక్కువ. ఒక్కసారి వచ్చి ఉంటే దూరపు చుట్టం, పదిసార్లు వచ్చి ఉంటే సొంత చుట్టం అని అక్కడివారు అతిథులతో అంటారు. చుట్టమన్న మాటే మనకూ వర్తిస్తుంది: ఇంటికి వచ్చిన చుట్టం వంటింట్లోకి వచ్చి కూర తరిగిపెడతాడు, తిన్న కంచం తీసిపెడతాడు. మీ అతిథులకూ ఆ అవకాశం ఇవ్వండి. నిజానికి చాలామందికి అది ఇష్టమే, అడిగే ధైర్యం లేక ఊరుకుంటారు.

వంటకాల సంఖ్య తగ్గించండి. మామిడి తోటకు వచ్చినవారికి ఆరు కూరలు అక్కర్లేదు. మధ్యాహ్నం ఒక పప్పు, ఒక వేపుడు, పచ్చి మామిడికాయ పచ్చడి, పెరుగు, చివర చిన్నరసాలు ఒక గంపెడు ముందు పెడితే కంచంలో ఇంకేముందని ఎవరూ చూడరు. అల్పాహారం ఒకే రకం, వేళ ఒకటే. దుప్పట్లు ఊళ్లో చాకలికి జీతం మీద అప్పగించండి, లేదా విజయవాడలో లాండ్రీకి వేయండి. ఆ ఖర్చు అద్దెలో కలపండి. వారానికి రెండు రోజులు, నెలలో ఒక వారం అతిథులు లేకుండా ఉంచుకోండి.

అమ్మాయి సంగతి మాత్రం బేరానికి పెట్టవద్దు. వడ్డన వద్దు. ఇంటర్ చదివే పిల్లకు మార్కులు ముఖ్యమన్నది ఒక కారణం. ఇంకొకటి ఉంది. వేసవంతా పరాయివారికి మంచినీళ్లు అందించి విసిగిపోయిన పిల్లలు పెద్దయ్యాక తోట వైపు తొంగి చూడరు. ఆ తోటను రేపు ఎవరు నడుపుతారన్న ఆలోచన మీవారికి ఉండే ఉంటుంది కాబట్టి ఆ మాట ఆయనతో అనండి. తనకు ఇష్టమైతే, సెలవుల్లో తాండ్ర పోయడం అతిథుల పిల్లలకు చూపించి దానికి తన సొంత డబ్బు తీసుకోనివ్వండి. ఇష్టం లేకపోతే తన గది తలుపు మూసుకునే హక్కు తనకుంది. ఆ తలుపుకు లోపలి గడియ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ప్రశ్న: వికారాబాద్ జిల్లా తాండూరు వైపు మాకు ఐదెకరాల కంది చేను ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు స్విమ్మింగ్ పూల్, డీజే సౌకర్యంతో ఫార్మ్‌హౌస్ కడితే వారాంతానికి 30 వేలు వస్తాయని మా అబ్బాయి అంటున్నాడు. దీన్ని కూడా ఫార్మ్‌స్టే అంటారా?

జవాబు: అనరు. అది పొలంలో కట్టిన ఫంక్షన్ హాలు. అందులో తప్పేమీ లేదు కానీ దాన్ని సేద్యానికి ఆసరా అనుకుని మోసపోకండి. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఉన్న చిన్న కొలనే సుమారు 51 వేల లీటర్ల నీళ్లు తాగుతుంది. కంది వానతోనే బతికే పంట. బోరు నీళ్లు కొలనుకు పోసే చేనులో రేపు ఎండాకాలం పశువులకు నీళ్లుంటాయా? రాత్రి రెండు గంటలకు డీజే మోగితే ముందు మీ గుమ్మంలోకి వచ్చేది మీ ఊరివాళ్లే, వాళ్లతో మీరు ఇంకో ముప్పై ఏళ్లు బతకాలి. పైగా పక్కా కట్టడం లేపే మేరకు ఆ భూమిని వ్యవసాయేతరంగా మార్పించుకోవాలి.

మీకు గదులే అక్కర్లేకపోవచ్చు. పుణె జిల్లా బారామతి దగ్గర పల్షివాడిలో 2005లో పాండురంగ తావరే అనే ఆయన వ్యవసాయ పర్యాటకాన్ని ఒక వ్యవస్థగా మొదలుపెట్టారు. 2020లో మహారాష్ట్ర ప్రభుత్వం దానికి ప్రత్యేక విధానమే ప్రకటించింది. అటువైపు రైతుల్లో ఎందరికో ఏడాదిలో మంచి గిరాకీ చలికాలంలో ఉంటుంది. జొన్న కంకి పాలు పోసుకుని గింజ లేతగా ఉన్నప్పుడు పిడకల నిప్పుల మీద కాల్చి, అరచేతుల మధ్య నలిపి, ఊక ఊది, వేడివేడిగా తినిపిస్తారు. దాన్ని వాళ్లు హుర్డా అంటారు. మీ జహీరాబాద్ వైపు ఊచబియ్యం అని రోడ్డు పక్కన అమ్మేది అలాంటిదే. ఒక ఎకరంలో జొన్న వేసి, డిసెంబరు, జనవరి నెలల్లో ఆదివారాలు పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఐదుకు వెళ్లిపోయేలా ముప్పై మందిని పిలవండి. ఊచబియ్యం, జొన్నరొట్టె, కందిపప్పు పెట్టండి. శుభ్రమైన మరుగుదొడ్లు రెండు, ఒక చలువ పందిరి చాలు. వెళ్లేటప్పుడు భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు తలా రెండు కిలోలు కొనుక్కెళ్తారు. మార్కెట్ యార్డు ధరకూ ఆ ధరకూ మధ్య తేడాను మీ అబ్బాయినే లెక్కగట్టమనండి.

ప్రశ్న: నాకు 70 ఏళ్లు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు సగం చెట్లు కూలిపోతే మళ్లీ నాటాను. విశాఖలో ఉన్న అబ్బాయి తిరిగి వచ్చి, సముద్రం దగ్గరే కాబట్టి తోటలో అతిథి గదులు కడతానంటున్నాడు. రుణం కోసం భూమి తన పేర రాసిమ్మంటున్నాడు. వాడు వస్తానంటే సంతోషమే. కానీ రాసిచ్చాక నా సంగతి, మా ఇంటిదాని సంగతి ఏమిటన్నది అడగడానికి నోరు రావడం లేదు.

జవాబు: మీకు నోరు రాని మాటను కొన్ని దేశాల్లో రైతులు వందల ఏళ్లుగా కాగితం మీద రాసుకుంటున్నారు. ఇటలీ ఉత్తర భాగంలో దక్షిణ టైరోల్ అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ అనేక కమతాలను ముక్కలు చేయడానికి వీల్లేదు. కమతమంతా ఒక్క వారసుడికే చెందుతుంది, తోబుట్టువులకు భూమి మార్కెట్ విలువను బట్టి కాకుండా, అది ఇచ్చే రాబడిని బట్టి లెక్కగట్టి పరిహారం ఇస్తారు. ఆ పద్ధతి మన వారసత్వ చట్టానికి సరిపడదు, సరిపడాలని కూడా నేననను. అయితే ఆ ఆల్ప్స్ కొండల్లో దానికి జంటగా మరొక ఆచారం ఉంది. పగ్గాలు కొడుక్కి అప్పగించే రోజున తల్లిదండ్రులకు జీవితాంతం ఏ గది ఉండాలి, తిండి ఎలా, పాలు, గుడ్లు, పొయ్యిలోకి కట్టెలు ఎన్ని అన్నది పూసగుచ్చినట్టు ఒప్పందంలో రాసేవారు. నమ్మకం లేక రాసుకున్నదని దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. మూడు తరాలు ఒకే గడపలో, అతిథుల మధ్య బతకాలంటే ఎవరి చోటు ఏదో తెలిసి ఉండాలి కాబట్టి రాసుకున్నారు.

మీరు భూమి రాసివ్వకుండానే పని జరిగే దారులు ముందు చూడండి. గదులు కట్టే మేరకు భూమిని పదిహేనేళ్లకు రిజిస్టర్డ్ లీజుగా అబ్బాయికి ఇవ్వవచ్చు. మీరు సహరుణగ్రహీతగా సంతకం చేస్తే బ్యాంకు ఒప్పుకుంటుందేమో అడగండి, అయితే అప్పు తీరకపోతే తోట మీదికి వస్తుందని మరచిపోకండి. వీలునామా రాస్తే మీ తదనంతరం దాకా హక్కు మీదే. దానపత్రమే రాయవలసి వస్తే, మీ దంపతుల పోషణ, కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతును అందులో స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం ఆ షరతు తప్పితే ట్రైబ్యునల్ ఆ దానాన్ని చెల్లదని ప్రకటించవచ్చు. షరతు రాయకపోతే ఆ రక్షణ మీకు దక్కడం కష్టం.

ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. తిత్లీ తర్వాత మీరు నాటినవి దేశవాళీ పొడుగు రకాలైతే అవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తుంటాయి. అరవై ఏళ్లు కాసే చెట్లవి. గదుల పునాదులకు చోటు వెతికేటప్పుడు మీ అబ్బాయి కళ్లు మొదట పడేది ఆ లేత చెట్ల వరుస మీదనే, ఎందుకంటే వాటి మీద ఇంకా ఒక్క రూపాయి కూడా రాలేదు. ఏ చెట్టు కొట్టకూడదో ఆ పత్రంలోనే పటం గీయించి గుర్తు పెట్టండి. అబ్బాయికి సేద్యం రాకపోతే ఒక ఏడాది గదుల మాట ఎత్తకుండా మీతో పాటు తోటలో తిరగమనండి. ఏ వరుసకు ఏ నెలలో ఎరువు, జీడి పూతకు మంచు పడితే ఏం చేయాలి అన్నవి వాడి చేతనే నోటు పుస్తకంలో రాయించండి. ఆ ఏడాది వాడు నిలబడితే మిగతా కాగితాలన్నీ సులభంగా కుదురుతాయి.

మీ గది విషయం చివర రాస్తున్నా, న్యాయవాది దగ్గర మొదట చెప్పవలసింది అదే. మీ ఇద్దరికీ ఏ గదో, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో, వంటిల్లు మీ ఇంటావిడకు ఎప్పుడు అందుబాటులో ఉండాలో రాయించండి. దసరా సెలవుల్లో గిరాకీ బాగా ఉందని చెప్పి ఆ గదిని రెండు రోజులకైనా అతిథులకు ఇవ్వకూడదన్న వాక్యం కూడా చేర్పించండి.